చీటీల్లో 23, చేతుల్లో 9

పోయిన వేసవిలో మా పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగింది. ప్రకాశం జిల్లాలో మేం చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణలోనే షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు. రిటైరైన సార్లకు శాలువాలు కప్పి మెమెంటోలు ఇచ్చారు. మైకు పట్టుకున్నతను "ఇప్పుడు మన క్లాస్ లీడర్ మాట్లాడతాడు" అని పిలిస్తే ఒకాయన లేచి వేదిక మీదికి వెళ్లాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అతనే మా లీడర్. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కొడుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ఐదేళ్లలో ఒక రోజు, ఒక పూట, ఆ క్లాసుకు లీడర్‌ని నేను.

ఆ పూట గురించి ఎప్పుడూ రాయాలనుకోలేదు. చిన్నపిల్లల సంగతి, అందులో రాయడానికేముంది అనుకునేదాన్ని. ఇప్పుడు నేను ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతాను. "మీ హైస్కూల్లో క్లాస్ లీడర్ ఎవరు? ఎవరు పెట్టారు?" మొదటి ప్రశ్నకు రకరకాల జవాబులొస్తాయి. రెండోదానికి దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు: "సార్ పెట్టారండి." ఓటరు కార్డు చేతికి రాబోతున్న పిల్లలు, తమ నాయకుణ్ణి తామే ఎన్నుకునే పని ఒక్కసారి కూడా చెయ్యకుండా పదేళ్ల బడి పూర్తి చేసి వస్తున్నారు. అందుకే నా సంగతి చెప్పాలనిపించింది.

అది 2004. ఆ వేసవిలోనే లోక్‌సభకు, రాష్ట్ర శాసనసభకు కలిపి ఎన్నికలు జరిగాయి. దేశమంతటా ఓటింగ్ యంత్రాలతో జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికలు అవే. మా పోలింగ్ బూత్ మా బళ్లోనే. జూన్‌లో బడి తెరిచేసరికి గోడ మీద బూత్ నంబరు ఇంకా చెరిగిపోలేదు. మేం తొమ్మిదిలోకి వచ్చాం. సాంఘిక శాస్త్రం చెప్పడానికి కొత్తగా ఒక విద్యా వాలంటీరు వచ్చారు. కుర్రాడు, బీఈడీ అప్పుడే పూర్తి చేశాడు. ఎన్నికల పాఠం మొదలుపెట్టి, "ఇది చదివితే అర్థం కాదు, చేసి చూద్దాం" అన్నారు.

క్లాసులో మేం 41 మందిమి. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. పల్లె అంటే మాది. పల్లె నుంచి ఆ క్లాసులో 11 మందిమి ఉన్నాం. సారు నోటుబుక్కు కాగితాలు చించి చీటీలు చేశారు. సుద్దముక్కల ఖాళీ డబ్బానే బ్యాలెట్ పెట్టె. ఒక్కొక్కరం వెళ్లి, బల్ల చాటున కూర్చుని పేరు రాసి, మడిచి డబ్బాలో వేసి రావాలి. పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూసిన వాళ్లను బయట నిలబెడతానన్నారు. ముగ్గురం పోటీలో ఉన్నాం. ఒకరు అప్పటిదాకా లీడర్‌గా ఉన్న పెద్దరైతు కొడుకు. రెండో అతను కబడ్డీ బాగా ఆడేవాడు. మూడో మనిషిని నేను. నన్ను నిలబెట్టింది మా బెంచీ అమ్మాయిలు. లెక్కలు రాని వాళ్లకు ఇంటర్వెల్‌లో చెప్పేదాన్ని. నాకున్న అర్హత అంతే.

సారు ఒక్కో చీటీ విప్పి పైకి చదువుతూ బోర్డు మీద గీతలు గీశారు. కబడ్డీ అబ్బాయికి 6, పాత లీడర్‌కు 12, నాకు 23.

మూడో పీరియడ్ నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా నేను లీడర్‌ని. ఆ కాస్త సమయంలో చేసిన పని ఒక్కటే. హాజరు రిజిస్టరు తీసుకెళ్లి ఆఫీసు గదిలో పెట్టి వచ్చాను. దాన్ని ఒక చేత్తో పట్టుకోవచ్చు, కానీ నేను రెండు చేతులతో పట్టుకుని వెళ్లాను.

భోజనాల తరవాత మా క్లాస్ టీచర్ వచ్చారు. చెడ్డమనిషేమీ కాదు. లెక్కలు ఆయనే చెప్పేవారు. నాకు లెక్కలంటే ఇష్టం పుట్టింది ఆయన వల్లే. "పొద్దున ఏదో ఎలక్షన్ పెట్టుకున్నారంటగా. చీటీల లెక్క తప్పినట్టుంది. మళ్లీ చూద్దాం, చేతులెత్తండి" అన్నారు. చీటీలు ఎక్కడున్నాయని అడగలేదు. అవి సుద్దముక్కల డబ్బాలోనే ఉన్నాయి. కబడ్డీ అబ్బాయి "నేను పోటీలో లేను సార్" అని కూర్చున్నాడు. పాత లీడర్ పేరు చెబితే 27 చేతులు లేచాయి. నా పేరు చెబితే 9 లేచాయి. ఐదుగురు దేనికీ ఎత్తలేదు, తలలు దించుకున్నారు.

ఆ 9 మంది ఎవరో నాకు ఇప్పటికీ గుర్తుంది. నాతో కలిపి పల్లె వాళ్లం ఏడుగురం, ఒక చాకలి అమ్మాయి, ఒక ముస్లిం అబ్బాయి. మా పల్లె పిల్లలు నలుగురు నాకు చెయ్యెత్తలేదు. వాళ్లలో ఇద్దరి నాన్నలు పాత లీడర్ వాళ్లింట్లో జీతానికి ఉన్నారు. విద్యా వాలంటీరు సారు గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఏమీ అనలేదు. ఆయనది పర్మినెంట్ ఉద్యోగం కాదు, వచ్చే నెల ఉంటుందో లేదో తెలియని కొలువు. ఆ గదిలో చెయ్యెత్తలేకపోయిన మరో మనిషి ఆయన.

నన్ను "రెండో లీడర్"ని చేశారు. ఇంట్లో చెబితే సారు దయ అని మా అమ్మ సంతోషించింది. రెండో లీడర్ పని శనివారం శనివారం క్లాసు ఊడ్పించడం. ఎక్కువసార్లు ఊడ్పించడం కన్నా ఊడవడమే జరిగేది.

ఆడపిల్లననీ, గట్టిగా అరవలేననీ, క్లాసును అదుపులో పెట్టలేననీ సార్లు అనుకుని ఉంటారని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సమ్మేళనం రోజు భోజనాల దగ్గర నా పాత స్నేహితురాలు పక్కన వచ్చి కూర్చుంది. ఊళ్లో పెద్దకులం అమ్మాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. "నీకు గుర్తుందా, చీటీల్లో నేను నీకే వేశా" అంది. "మరి చెయ్యెందుకు ఎత్తలేదే?" అని నవ్వుతూనే అడిగాను. ఆమె నవ్వలేదు. "ఎట్టా ఎత్తుతానే? సాయంత్రానికి మా నాన్నకు తెలిసిపోదూ?" అంది. కాసేపాగి ఇంకో మాట చెప్పింది. "అసలు సంగతి నీకు తెలీదు. స్టాఫ్ రూం కుండలోకి నీళ్లు మా పెద్దనాన్న వాళ్ల బావి నుంచే గదా వచ్చేవి. తెచ్చేది లీడరే. ఆ మధ్యాహ్నం మా పెద్దమ్మ బడికి కబురంపింది, ఎవరు పడితే వాళ్లు బావి దగ్గరికి వస్తే ఊరుకోనని."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మంచినీళ్ల బావి ఉన్న ఇల్లంటే ఊళ్లో పెద్దిల్లే. బడి గంట కొట్టగానే లీడర్ ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆ బావి నీళ్లు తెచ్చి కుండ నింపేవాడు. సార్లకు గ్లాసుతో ముంచి ఇచ్చేదీ, హోటల్ నుంచి టీ తెచ్చేదీ అతనే. నాకు ఎన్ని ఓట్లొచ్చినా, ఎన్ని మార్కులొచ్చినా ఆ కుండలో గ్లాసు ముంచే అర్హత రాదు. అందుకే లీడర్ అయ్యే అర్హతా లేదు. నా ఎన్నికను రద్దు చేసింది నీళ్ల కుండ.

బాబాసాహెబ్ అంబేడ్కర్ సతారా బడి రోజుల గురించి రాసుకున్నది ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితే తప్ప నీళ్లు లేకపోవడం, ప్యూన్ లేని రోజు దాహంతోనే ఉండిపోవడం. ఆ పిల్లవాడే పెద్దవాడై 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు దోసిలితో తాగాడు. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కారంచేడులో 1985లో జరిగిన మారణకాండకు మొదలు కూడా నీళ్లే. మాదిగలు తాగే నీళ్ల చెరువును మురికి చేయవద్దని అడ్డుపడ్డ మున్నంగి సువార్త మీద చెయ్యెత్తారు. జులై 17న ఆరుగురి ప్రాణాలు పోయాయి. ఇంత చరిత్ర చదివి, పాఠంగా చెప్పి కూడా, నా తొమ్మిదో తరగతి ఎన్నికకూ నీళ్లకూ ఉన్న లంకె నాకు తట్టలేదు. క్లాస్ లీడర్ అనేది ఎంత మామూలు విషయంగా కనిపిస్తుందో, దానిలో దాక్కున్న కులం అంత కంటికి ఆనదు.

అసలు క్లాస్ లీడర్ పని ఏమిటి? బడి పిల్లల్ని అడిగితే టకటకా చెబుతారు. రిజిస్టరు తేవాలి. సుద్దముక్కలు, డస్టర్ తేవాలి. హోంవర్కు పుస్తకాలు పోగుచేయాలి. సారు లేనప్పుడు మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. ఇందులో ఒక్కటైనా పిల్లల తరఫున చేసే పని ఉందా? మధ్యాహ్న భోజనంలో పురుగులొచ్చాయని చెప్పడం, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదని అడగడం, ఒక సారు కులం పేరుతో పిలుస్తున్నాడని హెడ్మాస్టరుకు రాసివ్వడం లీడర్ పనుల్లో లేవు. ఆ పిల్ల లేదా పిల్లవాడు పిల్లల ప్రతినిధి కాదు, మాస్టారి సహాయకుడు. పేరు మాత్రం లీడర్.

దీనికొక చరిత్ర ఉంది. 1789లో మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడికి సూపరింటెండెంటుగా వచ్చిన ఆండ్రూ బెల్, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే పద్ధతి పెట్టాడు. ఇక్కడి వీధిబడుల్లో అలాంటి అలవాటు చూసి నేర్చుకున్నదే. అది "మద్రాస్ పద్ధతి" పేరుతో ఇంగ్లండు వెళ్లింది, మానిటర్ అనే మాటతో ప్రపంచమంతా తిరిగింది. ఉపాధ్యాయుల ఖర్చు తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు అది. అందులో మానిటర్‌ను పిల్లలు ఎన్నుకోవాలన్న ఆలోచన మొదటి నుంచీ లేదు. మన క్లాస్ లీడర్ ఆ మానిటర్ వారసుడే. వీధిబడిలో అరుగు మీద ఎవరు కూర్చునేవారో, ఎవరికి ఆ అరుగు దగ్గరికి రానిచ్చేవారు కాదో మనకు తెలుసు. మాస్టారికి దగ్గరగా మసిలే పిల్లవాడు మాస్టారి ఇంట్లోకి రాగలిగిన కులం వాడే కావాలన్న నియమం ఎక్కడా రాసి లేదు, అయినా అది నడుస్తూనే వచ్చింది.

నామినేషన్ పద్ధతి గురించి అంబేడ్కర్‌కు స్వానుభవం ఉంది. 1927లో ఆయన బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టింది నామినేటెడ్ సభ్యుడిగానే. ఆ మరుసటి ఏడాది సైమన్ కమిషన్ ముందు మాత్రం అస్పృశ్యుల ప్రతినిధులను ప్రభుత్వం నామినేట్ చేసే పద్ధతి వద్దన్నారు. వయోజనులందరికీ ఓటు కావాలన్నారు. నియమించినవాడికి జవాబుదారీగా ఉండే మనిషి తన జనానికి జవాబుదారీగా ఉండలేడు. ఈ సూత్రం శాసనసభకు ఎంత వర్తిస్తుందో తొమ్మిదో తరగతికీ అంతే వర్తిస్తుంది. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒడంబడికతో మనకు రిజర్వుడు స్థానాలు పెరిగాయి, కానీ ఆ స్థానాల్లో ఎవరు గెలవాలో తేల్చే ఓట్లు మన చేతుల్లో లేకుండా పోయాయి. సరిగ్గా 50 ఏళ్ల తరవాత అదే తేదీన కాన్షీరామ్ "చమ్చా యుగం" పుస్తకం తెచ్చింది ఆ సంగతి చెప్పడానికే. "రెండో లీడర్" అనే పదవి ఆ యుగానికి తరగతి గది రూపం. పదవి ఉంటుంది, ఇచ్చినవాడి చేతిలో దాని తాడు ఉంటుంది.

మా కాలేజీలో ఒక అబ్బాయి చెప్పాడు. వాళ్ల బళ్లో బాలల పార్లమెంటు ఉండేదట. ప్రధానమంత్రి, విద్యా మంత్రి, ఆరోగ్య మంత్రి, పారిశుధ్య మంత్రి ఉండేవారు. తను పారిశుధ్య మంత్రి. "నీకు ఆ శాఖే ఎందుకిచ్చారు?" అని అడిగాను. నవ్వుతూ "మా అమ్మ పంచాయతీలో ఊడుస్తుంది కదా మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వులో ద్వేషం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కులవృత్తిని మంత్రిత్వ శాఖగా మార్చి ఇచ్చినా ఎవరికీ అందులో తప్పు కనపడలేదు.

ఇక చీటీకీ చేతికీ ఉన్న తేడా చూద్దాం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటేశావని ఏ కోర్టూ ఎవరినీ బలవంతంగా అడగడానికి వీల్లేదు. భూమి ఒకరిది, కూలీ మరొకరిది అయిన దేశంలో ఓటు రహస్యంగా లేకపోతే అది ఓటే కాదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లవాడి చేతి వెనక వాళ్ల నాన్న జీతం, వాళ్లమ్మ నాటుకూలీ, ఇంటికి తెచ్చుకునే పాలు, చేబదులు అన్నీ ఉంటాయి. నాకు చెయ్యెత్తని మా పల్లె పిల్లలు నలుగురి మీద నాకు కోపం లేదు. 14 ఏళ్లకే వాళ్లకు తమ ఇంటి లెక్క తెలుసు.

నన్ను ఇప్పటికీ వదలని అంకె వేరు. మా పల్లె పిల్లలం 11 మందిమీ నాకే వేశామనుకుందాం. మరి మిగతా 12 చీటీలు ఎవరివి? ఊరి పిల్లలవి. వాళ్లలో నా స్నేహితురాలు ఒకరు. ఎవరూ చూడని ఒక్క నిమిషం దొరికితే కులం దాటగలిగిన పిల్లలు ఆ క్లాసులో 12 మంది ఉన్నారు. చేతులు ఎత్తమనగానే ఆ 12 మందిలో ఇద్దరు తప్ప అందరూ తిరిగి తమ తమ కులాల్లోకి వెళ్లిపోయారు. పంపింది ఎవరో కాదు, బడి. పిల్లలు ఇంటి నుంచి కులాన్ని బడికి తెస్తారని అంటుంటారు. ఆ రోజు మా పిల్లలు దాన్ని కాసేపు గుమ్మం బయట వదిలి వచ్చారు. బడే వెళ్లి తెచ్చి వాళ్ల చేతిలో పెట్టింది.

ఈ మాట ఉపాధ్యాయ మిత్రుల దగ్గర అంటే కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, బడిలో ఎన్నికలు పెడితే రాజకీయాలు వస్తాయని. లీడర్ పేరు సారు నోటి నుంచి వచ్చిన రోజే రాజకీయం వచ్చింది. దానికి ఒక్క ఓటరే ఉన్నాడు కాబట్టి కనిపించలేదంతే. రెండోది, పిల్లలు కులం చూసి వేస్తారని. వేయవచ్చు. కొన్ని చోట్ల తప్పకుండా వేస్తారు. కానీ లీడర్‌ను సారే పెట్టే చోట కులం చూడటం లేదని ఎవరు హామీ ఇస్తారు? ఎన్నికలో కులం కనిపిస్తే కనీసం దాని గురించి మాట్లాడే వీలుంటుంది. మూడోది, ఫస్ట్ ర్యాంకర్‌నే లీడర్ చేయాలని. మార్కులకూ ప్రాతినిధ్యానికీ సంబంధం లేదు. లెక్కల్లో తప్పే పిల్లవాడికే అందరికన్నా ముందు తెలుస్తుంది, పాఠం ఎక్కడ అర్థం కావడం లేదో. పైగా మార్కుల జాబితా పైభాగంలో ఎవరి పేర్లు ఎందుకు ఉంటాయో వేరే చెప్పాలా? నాలుగోది, అల్లరి పిల్లవాణ్ణి ఎన్నుకుంటారని. ఎన్నుకోనివ్వండి. నెల తరవాత వాళ్లే మార్చుకుంటారు. తప్పుగా ఎన్నుకుని, దాని ఫలితం అనుభవించి, మళ్లీ ఎన్నుకోవడం కన్నా మంచి పౌరశాస్త్రం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

చట్టం ఏమంటోంది? భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూసే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. అదే చట్టం 21వ సెక్షన్ కింద వచ్చే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు, బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. పెద్దల కమిటీకి ఇంత జాగ్రత్తగా లెక్క కట్టిన చట్టంలో పిల్లలు తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవాలన్న మాట లేదు. 14 ఏళ్లు దాటిన తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎటూ ఆ చట్టం పరిధిలోకే రారు. సరిగ్గా ఆ వయసులోనే వాళ్లకు ఓటు అంటే ఏమిటో తెలియాలి.

ఇతర రాష్ట్రాల వైపు చూస్తే కొంత దారి కనిపిస్తుంది. కేరళ బళ్లలో స్కూల్ పార్లమెంటు ఎన్నికలు ఏటా జరిగే మామూలు సంగతి. తమిళనాడులో పిల్లలు కులాల రంగుల కంకణాలు కట్టుకుని బడికి రావడం, 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంట్లోకి చొరబడి నరకడం చూశాక, ఆ ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. 2024లో ఆ కమిటీ ఇచ్చిన నివేదికలో రంగుల కంకణాల నిషేధంతో పాటు, పిల్లల్ని అక్షరక్రమంలో కూర్చోబెట్టాలన్న సిఫారసు కూడా ఉంది. చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది సారు ఇష్టం నుంచి తప్పించి అక్షరాలకు అప్పజెప్పడమే అందులోని తెలివి. లీడర్ విషయంలోనూ మనకు కావలసింది అలాంటిదే. ఎవరి మంచితనం మీదా ఆధారపడని పద్ధతి కావాలి.

యూనివర్సిటీ విద్యార్థులు, అధ్యాపకులు "మాకు హైస్కూలు లీడర్ గొడవెందుకు" అనుకోవద్దు. 2015 చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రోహిత్ వేములతో పాటు మరో నలుగురు దళిత స్కాలర్లకు వేసిన శిక్షలో హాస్టల్ నుంచి వెలివేత ఒక్కటే లేదు, విద్యార్థి సంఘ ఎన్నికల్లో పాల్గొనకూడదన్నది కూడా ఉంది. 2016 జనవరి 17న రోహిత్‌ను పోగొట్టుకున్నాం. మనవాళ్లు చదువుకుంటే ఓర్చుకునే సంస్థలు కూడా మనవాళ్లు నాయకులైతే ఓర్చుకోలేవు. ఈ ఓర్వలేనితనం పీహెచ్‌డీ స్థాయిలో పుట్టింది కాదు. దాని వేరు ఆరో తరగతి గదిలో ఉంది, "రిజిస్టరు నువ్వు తేవద్దు" అనే మాటలో ఉంది. అలాగే, యూనివర్సిటీకి వచ్చాక మీటింగులో లేచి మాట్లాడటానికి మన పిల్లలు ఎందుకు తటపటాయిస్తారో వెతికితే, జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలు నా క్లాసులో ముందుగా చెయ్యెత్తడం చూస్తుంటాను. వాళ్లు వేరే మట్టితో చేసిన పిల్లలు కారు. వాళ్ల బళ్లో కెప్టెన్ అయ్యేదీ, అసెంబ్లీ నడిపేదీ మన పిల్లలే. అయితే అక్కడ కూడా ఉపకులం చూసి, ఆడామగా చూసి పదవులు పంచడం లేదని మనం కళ్లు మూసుకుని అనుకోకూడదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు, డబ్బు ఖర్చయ్యేవి అసలే కావు. క్లాస్ లీడర్‌ను చీటీలతో, రహస్యంగా ఎన్నుకోవాలి. చీటీలు క్లాసు ముందే లెక్కపెట్టాలి. చేతులెత్తించే పద్ధతి పూర్తిగా మానాలి. ఒకరికే ఏళ్ల తరబడి కాకుండా మూడు నెలలకో లీడర్ ఉండాలి. 73వ రాజ్యాంగ సవరణ సర్పంచ్ పదవుల్లో దళితులకు, ఆదివాసులకు, స్త్రీలకు వంతులవారీ రిజర్వేషన్ తెచ్చినట్టే, ఏడాదిలో ఒక విడత తప్పకుండా అమ్మాయిలకు, ఒక విడత ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రావాలి. ఆ విడతలో కూడా ఎన్నిక క్లాసంతటిదీ, నియామకం సారుది కాదు. ఇందులోనూ పూనా ఒడంబడిక చిక్కు ఉందని నాకు తెలుసు. కానీ ఓటు రహస్యమైతే ఆ చిక్కు కొంతైనా సడలుతుందని ఆ 12 చీటీలు నాకు చెప్పాయి.

లీడర్ పనులు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. టీ, నీళ్లు, ఊడవడం ఆ జాబితాలో ఉండకూడదు. గది శుభ్రం చేయడం అందరి వంతు అయితే హాజరుపట్టీ వరసలో అందరికీ రావాలి, పెద్దరైతు కొడుకుతో సహా. లీడర్ చేతికి ఒక ఫిర్యాదుల పుస్తకం ఇవ్వాలి, హెడ్మాస్టరు వారానికోసారి దాని మీద జవాబు రాసి సంతకం పెట్టాలి. మధ్యాహ్న భోజనం వండే చోట లీడర్లకు చూసే, అడిగే హక్కు ఉండాలి. ఆ వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. అంటే నేను ఓడించబడిన ఆ ఏడాదే, దేశపు అత్యున్నత న్యాయస్థానం మన చేతి వంట పిల్లలందరూ తినాలని చెప్పింది. మా స్టాఫ్ రూం కుండ దాకా ఆ మాట రాలేదు.

రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న అంబేడ్కర్ చేసిన హెచ్చరికను మనం ఏటా గుర్తుచేసుకుంటాం. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ ఉంటుంది గానీ, సమాజంలో అన్ని మనుషులకూ ఒకే విలువ ఉండదు, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని ఆయన అన్నారు. పిల్లలకు ఆ వైరుధ్యం మొదట ఎదురయ్యేది క్లాసు గదిలోనే. దాన్ని అక్కడే సరిచేయడం మొదలుపెట్టవచ్చు కూడా. అందుకు కొత్త చట్టం రానక్కర్లేదు. ఒక మాస్టారు, ఒక ఖాళీ సుద్దముక్కల డబ్బా, పొద్దున లెక్కించిన చీటీలను మధ్యాహ్నం చెరపకుండా ఉండే పాటి నిజాయితీ చాలు.

సమ్మేళనం ముగిసి వచ్చేటప్పుడు మా లెక్కల సారు నన్ను గుర్తుపట్టారు. "కాలేజీలో చెబుతున్నావంట, సంతోషమమ్మా" అని తల మీద చెయ్యి పెట్టారు. ఆ మధ్యాహ్నం గురించి అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. డెబ్బై దాటిన మనిషి. ఆయన్ని ఆ ఒక్క పూటతోనే కొలవడం నాకు ఇష్టం లేదు. కానీ ఈ జూన్‌లో కొత్తగా రిజిస్టరు తెరిచి "ఈ క్లాసుకు లీడర్ ఎవరు?" అని అడగబోయే మాస్టార్లు, టీచరమ్మలు మీలో చాలామంది ఉన్నారు. మీలో చాలామంది మా విద్యార్థులే. ఆ పేరు మీరు చెప్పకండి. చీటీలు పంచండి. బోర్డు మీద గీతలు గీయండి. ఎవరికి ఎన్ని వస్తే అన్నీ ఉండనివ్వండి.

జై భీమ్.